ఎర్రమందు వరస

వేరుకి పసుపు రాసిన సంగతి కూడా రిజిస్టర్లో రాయాలని నాకు యాభై రెండేళ్ళ వయసులో తెలిసివచ్చింది. పొద్దున్నే లేచి బొట్టు పెట్టుకున్నానని ఎవరైనా ఎక్కడైనా రాసుకుంటారా? ఇదీ అలాంటిదేననుకున్నాను. అనుకున్నందుకు నా చెల్లెలి ప్రాణం మీదికొచ్చింది.

నా పేరు మంగతాయారు. బాపట్లలో ఒక ఫార్మసీ కాలేజీలో, మొక్కల మందులు కాన్సర్ కణాల మీద పనిచేస్తాయా లేదా అని పరీక్షించే లాబ్‌లో పనిచేస్తాను. పేరుకి అటెండర్ని. నిజానికి ఆ లాబ్ నడిచేది నా చేతుల మీద. ఆ మాట మా చంద్రశేఖరం సార్ కూడా ఒప్పుకుంటారు, కాకపోతే నేను లేనప్పుడు. ఊళ్ళ నుంచి వచ్చిన వేర్లు, ఆకులు, బెరడు కడిగి, ముక్కలు కోసి, నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, జల్లించి సీసాకెత్తేవరకూ నా పని. ఆ తర్వాత ఆల్కహాలులో నానబెట్టి సారం తీయడం, దాన్ని కణాల మీద వేయడం రీసెర్చి పిల్లల పని. పిల్లలు వస్తారు, డాక్టరేట్లు పుచ్చుకుని వెళ్ళిపోతారు. లాబ్ పెట్టిన తొమ్మిదేళ్ళ నుంచీ కదలకుండా ఉన్నది నేను, నా చేటలు, నా జల్లెడ.

తొమ్మిదేళ్ళలో నా చేతిలో పాడైన సరుకు ఒక్కటే. కిందటేడు వానల్లో ఉత్తరేణి వేర్లకి బూజు పట్టింది. సార్ పిల్లలందరి ముందూ, "తాయారు గారూ, ఇది మందు కాదండి, పుట్టగొడుగుల తోట" అన్నారు. పిల్లలు నవ్వారు. సార్ మర్చిపోయి ఉంటారు గానీ నేను మర్చిపోతానా? నాకు నోరెక్కువ, రోషం అంతకంటే ఎక్కువ.

ఈ ఏడు భాద్రపదంలో తేజస్వి ఒక గోనెసంచి మోసుకొచ్చింది. తేజస్వి చేబ్రోలు పిల్ల, మా సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. చురుకైనదే కానీ కంగారెక్కువ. సంచి నిండా తొగరు వేర్లు. రేపల్లెలో చెంచురామయ్య గారని నాటువైద్యం చేసే పెద్దాయన ఉన్నారు. గడ్డలకి తొగరు వేరు నూరి పట్టు వేస్తారు. మామూలు గడ్డ మీద పనిచేస్తే కాన్సర్ గడ్డ మీద ఏం చేస్తుందో చూద్దామని ఈ పిల్ల ఆలోచన. మంచి ఆలోచనే. మా లాబ్ బతికేదే అలాంటి ఆలోచనల మీద.

నేను వేర్లు కడిగి ముక్కలు కోశానో లేదో, ముసురు పట్టింది. ఐదు రోజులు సూర్యుడి మొహం చూడలేదు. ముక్కల్ని వేలితో తాకితే జిగురు తగిలింది. నాకు పుట్టగొడుగుల తోట గుర్తొచ్చింది. ఇంట్లో అయితే ఏం చేస్తాం? దేనికి పురుగు పట్టేలా ఉన్నా, బూజు పట్టేలా ఉన్నా ముందు చెయ్యి వెళ్ళేది పసుపు డబ్బాలోకే. మా అమ్మ అదే చేసింది, వాళ్ళమ్మా అదే చేసింది. ఇంటికెళ్ళి, దుగ్గిరాల కొమ్ములు తెచ్చి మరాడించుకున్న పసుపు తీసుకొచ్చి, మూడు కిలోల ముక్కలకీ అరకిలో దాకా పట్టించాను. చేటల్లో పరిచి ఫ్యాను వేశాను. ఒక్క ముక్కకి బూజు రాలేదు. ఎండాక దులిపి పొడి కొట్టాను. తొగరు వేరు విరిస్తే లోపల ఎటూ పచ్చగానే ఉంటుంది, వెనకటికి బట్టలకి రంగు అద్దేవారు దానితో. అందుకని పొడి అంత పచ్చగా ఉందేంటని ఒక్కరూ అడగలేదు. రిజిస్టర్లో 'కడిగి, నీడన ఆరబెట్టడమైనది' అని రాసి సంతకం పెట్టాను. సార్ పొడి చూసి, "శభాష్ తాయారు గారూ!" అన్నారు. ఆ రోజు నేను నేల మీద నడిస్తే ఒట్టు.

జనవరి నెలాఖరుకి పరీక్ష ఫలితం వచ్చింది. పరీక్ష ఎలా చేస్తారో చెప్తాను, పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. అరచెయ్యంత ప్లాస్టిక్ ప్లేటులో తొంభై ఆరు చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిలో రొమ్ము కాన్సర్ కణాలు పెంచుతారు. వరసకొక మోతాదు చొప్పున సారం వేస్తారు. రెండు రోజులాగి ఇంకొక మందు పోస్తారు. బతికున్న కణాలు ఆ మందుని ఊదారంగులోకి తిప్పేస్తాయి. చచ్చిన కణాలకి ఆ శక్తి ఉండదు, గుంట వెలవెలబోతూ ఉండిపోతుంది. ఊదా కనపడితే కాన్సర్ బతికుంది, కనపడకపోతే చచ్చింది. చివరి వరసలో మాత్రం ప్రతిసారీ ఆసుపత్రుల్లో వాడే మందొకటి వేస్తారు, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి చూడటానికి. ఎర్రగా ఉండే ఆ మందు సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి అందించేదాన్ని కూడా నేనే. అది ఎప్పుడూ పనిచేస్తుంది కాబట్టి దానివైపు ఎవరూ చూడరు.

ఆ రోజు తొగరు వేరు వేసిన వరసల్లో ఒక్క చుక్క ఊదా లేదు. తేజస్వి నా చేతులు పట్టుకుని గిర్రున తిప్పింది. "ఆంటీ, మన వేరు చంపేసిందాంటీ!" అంది. నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎందుకంటే ఆ ప్లేటులో పెరుగుతున్న జబ్బే తెనాలిలో మా చెల్లెలికి ఉంది.

మా చెల్లెలు ఆదిలక్ష్మి నాకంటే ఐదేళ్ళు చిన్న. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. రుజువు చూపించనిదే దేవుణ్ణి కూడా ఒప్పుకోని రకం. దసరా ముందు రొమ్ములో గడ్డ బయటపడింది. గుంటూరు ఆసుపత్రిలో ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు. మూడు కీమోలు అయ్యాయి. జుట్టంతా రాలింది. నోట్లో పుళ్ళు. తల దువ్వుకునే టైము మిగిలిందిలే అక్కా అని పైకి హాస్యమాడేది గానీ, కీమో పేరెత్తితే దాని ఒళ్ళు జలదరించేది. ముఖ్యంగా అందులో ఒక ఎర్ర మందు ఎక్కిస్తారట, దాన్ని చూస్తేనే వాంతి వస్తుందనేది.

నేను ఊరుకోవచ్చుగా? ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. "ఆదీ, కళ్ళారా చూశానే! నా చేత్తో ఎండబెట్టిన వేరు, నీ కాన్సర్‌ని ఒక్కటి మిగలకుండా చంపింది!" అన్నాను. అంతటితో ఆగానా? ఆ ఆదివారం చెంచురామయ్య గారి దగ్గర్నుంచి డిసెంబరులో వచ్చిన వేర్లు కొన్ని సంచిలో వేసుకుని తెనాలి వెళ్ళి, కషాయం కాచి దగ్గరుండి తాగించాను. కీమోతో పాటే తాగమన్నాను. నిజంగానే పాటే తాగమన్నాను. కానీ నీళ్ళలో మునిగేవాడికి గట్టు చూపించి, ఈత కూడా కొట్టమంటే కొడతాడా?

నాలుగో కీమో ఫిబ్రవరి పదో తారీకున జరగాలి. పన్నెండున మా మరిదిగారు ఫోన్ చేశారు. "వదినగారూ, మీ చెల్లెలు గుంటూరు రానంటోందండి. వేరు చాలంటోంది. డాక్టరు గారేమో ఇరవయ్యో తారీకు దాటనివ్వద్దన్నారు. దాటితే ఇప్పటిదాకా చేసిందంతా వృథా అవుతుందట. మీ మాటైతే వింటుందండి" అని ఏడుపు గొంతుతో చెప్పారు.

నేను ఆదికి చేశాను. "నీకేమన్నా పిచ్చా? రెండూ చెయ్యమన్నానుగా?" అని కేకలేశాను.

"కళ్ళారా చూశానన్నది నువ్వేగా?" అంది. "ఒంటికి ఏ హానీ లేనిది ఒకటి చంపుతుంటే, ఒళ్ళంతా గుల్ల చేసేది ఇంకోటెందుకు? లెక్క ప్రకారం చెప్పు."

సిగ్గువిడిచి చెప్తున్నాను, భయంతో పాటు లోపల్లోపల కాస్త గర్వపడ్డాను కూడా. నా వేరు మీద దానికి అంత నమ్మకం.

ఆ గర్వం ఇరవై నాలుగ్గంటలు కూడా నిలవలేదు. ఏ ఫలితాన్నీ ఒక్కసారి చూసి నమ్మరు మా లాబ్‌లో, కొత్త సరుకుతో మళ్ళీ చేసి చూస్తారు. తేజస్వి డిసెంబరులో తెచ్చిన రెండో సంచి వేర్లని మంచి పొడి వాతావరణంలో, హాయిగా నాలుగు రోజుల్లో ఎండబెట్టి ఇచ్చాను. పదమూడో తారీకున ఆ ప్లేటు బయటికొచ్చింది. తొగరు వరసలన్నీ నేరేడుపళ్ళు చిదిపినట్టు ఊదా. కాన్సర్ కణాలు నిక్షేపంగా ఉన్నాయి.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తేజస్వి ఏడుపు మొదలుపెట్టింది. నేను మాత్రం ఏమాత్రం తడుముకోకుండా, "ఆ పెద్దాయన ఈసారి వేరే చెట్టు వేరు అంటగట్టాడండి" అన్నాను. "రేపు మేం వెళ్ళి తేల్చుకుంటాం."

మర్నాడు మొదటి సంచిలో దాచిన వేరుముక్కల సీసా, రెండో సంచి ముక్కల సీసా తీసుకుని నేనూ తేజస్వీ చెరుకుపల్లి మీదుగా రేపల్లె బస్సెక్కాం. చెంచురామయ్య గారిది ఊరి చివర కాలవ గట్టు మీద పెంకుటిల్లు. డెబ్బై ఐదేళ్ళుంటాయి. అరుగు మీద కూర్చుని సుగంధిపాల వేర్లు కట్టలు కడుతున్నారు. నేను మర్యాదకి నమస్కారం పెట్టి, ఆ వెంటనే దులిపేశాను. మీరిచ్చిన రెండో వేరు తొగరేనా, అసలు మీకు గుర్తుందా, కళ్ళు కనపడుతున్నాయా అని.

ఆయన కోప్పడలేదు. "ఏంటమ్మాయి, అరవయ్యేళ్ళుగా తవ్వుతున్నా. తొగరుకీ తుమ్మకీ తేడా తెలియదంటావా? పెరట్లో ఉంది చెట్టు, చూసుకోండి. రెండుసార్లూ దాని వేరునే ఇచ్చాను" అన్నారు. తేజస్వి ఫోన్ తీసుకుని చెట్టుని ఫొటోలు తీయడానికి పెరట్లోకి వెళ్ళింది.

"అయినా కాన్సర్‌కి ఇస్తానని నేనెప్పుడన్నానమ్మా?" అన్నారాయన. "సెగ్గడ్డలకి పట్టు వేస్తాను. మోకాళ్ళకి నూనె కాస్తాను. ఆ జబ్బని అనుమానం వస్తే ఒక్క పూట ఉంచుకోను, గుంటూరు పంపించేస్తాను. మా ఆవిణ్ణి అలాగే పంపించి, ఇంకో పన్నెండేళ్ళు దక్కించుకున్నాను. ఏదీ, ఆ సీసాలిటివ్వు."

రెండో సీసాలో ముక్క తీసి గోటితో గీకి, వాసన చూసి, "ఇది మనదే" అన్నారు. మొదటి సీసాలో ముక్క తీశారు. గీకారు. వాసన చూశారు. మళ్ళీ చూశారు. నాలిక మీద పెట్టుకున్నారు. తర్వాత తలెత్తి నా వైపు చూశారు.

"ఇదీ మనదే. కానీ దీనికి వంట పసుపు వాసనేంటమ్మాయి?"

నాకు పసుపు డబ్బా గుర్తొచ్చింది. అబద్ధమెందుకు, ముందు వచ్చిన ఆలోచన చెల్లెలి గురించి కాదు. సార్ గురించి. శభాష్ తాయారు గారూ అన్న మాట గురించి. పెరట్లోంచి తేజస్వి ఇంకా రాలేదు. పెద్దాయన నా మొహం చూసి అంతా గ్రహించారు. ముక్కని సీసాలో వేసి మూత పెట్టి నా చేతిలో పెట్టారు.

"ఆడలేక మద్దెల ఓడన్నారమ్మా" అన్నారు నెమ్మదిగా. "నేనెవరికీ చెప్పను. చెప్పాల్సినవాళ్ళకి నువ్వు చెప్పుకో."

తేజస్వి వచ్చాక ఆయనకి దణ్ణం పెట్టి బయల్దేరాం. రేపల్లె నుంచి తెనాలి ప్యాసింజర్ ఎక్కాం. రైలు కదిలింది. పిల్ల ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటూ, "చెట్టు అదే ఆంటీ. మట్టిలో తేడా ఏమో, చలికాలం వేరుకి బలం తగ్గుతుందేమో" అని ఏవేవో లెక్కలు వేస్తోంది. ఇలా వదిలేస్తే ఈ పిల్ల ఇంకో ఏడాది మట్టి తవ్వుకుంటూ తిరుగుతుంది. మా ఆది కషాయం తాగుతూ కూర్చుంటుంది. ఇరవయ్యో తారీకు వచ్చి వెళ్ళిపోతుంది.

"అమ్మాయ్, మట్టీ కాదు, చలీ కాదు. నేను" అన్నాను. మొత్తం చెప్పేశాను. ముసురు, జిగురు, పసుపు డబ్బా, అన్నీ.

తేజస్వి ఫోన్ సంచిలో పడేసింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భట్టిప్రోలు వెళ్ళిపోయింది. వేమూరులో ఇటు తిరిగింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆర్నెల్లు ఆంటీ! నా ఆర్నెల్లు! ఒక్క మాట ఎందుకు రాయలేదు?"

"పసుపేగా అనుకున్నానే తల్లీ."

"పసుపొక్కటే చాలు ఆంటీ ఆ గుంటల్లో కణాలు చావడానికి. ఎన్నో దేశాల్లో ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నారు ఆ పరీక్ష. గుంటలో చంపుతుంది. మింగితే ఒంట్లో నిలవదు, గడ్డ దాకా చేరదు. అక్కడే ఆగిపోయింది దాని కథ." ముక్కు చీదుకుని, "పత్రికకి పేపరు పంపేముందే చెప్పారు, నయం. ఆ తర్వాత తెలిస్తే నేను సార్‌కి మొహం చూపించలేకపోయేదాన్ని" అంది. నేను దాని తల నిమిరాను. నెట్టెయ్యలేదు.

తెనాలిలో దిగి నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఆది తలకి స్కార్ఫు కట్టుకుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పక్కన స్టీలు గ్లాసులో తొగరు కషాయం. గ్లాసు తీసి సింకులో పారబోశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. వేరు వట్టిదనీ, చంపింది నేను రాసిన పసుపనీ, నాదే తప్పనీ. నా జీవితంలో నాదే తప్పని రెండుసార్లు ఒకే రోజు అనడం అదే మొదలు.

ఆది ఎర్ర పెన్ను మూత పెట్టింది. "అంటే పసుపు చంపుతుందన్నమాట."

"ఆ... గుంటలో..."

"ఇంకేం? రేపట్నుంచి పసుపే తాగుతాను. దుగ్గిరాల ఎంత దూరం?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఒంట్లో నిలవదని తేజస్వి అన్న మాట చెప్పాను. "ఆ మాట తేజస్వి చెప్పింది. వేరు చంపుతుందని కూడా తేజస్వే చెప్పిందిగా?" అంది. కాళ్ళు పట్టుకున్నాను. "లేవక్కా, ఆయుఃక్షీణం" అంది గానీ ఒప్పుకోలేదు. "నీకు తెలియదే అక్కా, ఆ ఎర్రమందు ఎక్కుతుంటే నన్ను లోపల్నుంచి చెరిపేస్తున్నట్టుంటుంది. ఇంకోసారి నావల్ల కాదు" అని, అప్పుడు మాత్రం భోరుమంది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఏడుస్తుంటే మా మరిదిగారు వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టారు.

మర్నాడు పొద్దున్న సార్ గదిలోకి వెళ్ళి ఆయనకీ చెప్పాను. నేను ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. "రిజిస్టరు తీసుకురండి" అన్నారు. భాద్రపదం నాటి పేజీ తీసి, కొట్టేయకుండా కింద కొత్త లైను రాయమన్నారు. 'బూజు రాకుండా అరకిలో పసుపు పట్టించడమైనది. అప్పుడు రాయలేదు. మంగతాయారు' అని రాశాను. ఆయన తేజస్విని పిలిచి, "తొగరు ఒక వరస, తొగరు పసుపు కలిపి ఒక వరస, వట్టి పసుపు ఒక వరస. వెంటనే మొదలుపెట్టమ్మా. తేలిపోతుంది" అన్నారు.

వాడేసిన పాత ప్లేట్లు పారెయ్యడం నా పనే. ఆ మధ్యాహ్నం మొదటి ప్లేటూ, రెండో ప్లేటూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఒకటి వెలవెల, ఒకటి ఊదా. ఎక్కడా పోలిక లేదు. చివరి వరస తప్ప. చివరి వరస రెంటిలోనూ ఒకటే, పాలిపోయి ఉంది. ఫ్రిజ్ తెరిచి ఎర్ర సీసా తీసి పేరు చదివాను. తొమ్మిదేళ్ళుగా చదువుతున్న పేరే. కానీ అదే పేరు మా చెల్లెలి ఆసుపత్రి ఫైల్లో కూడా ఉంది, ఆ ఫైలు మూడుసార్లు గుంటూరు మోసింది నేనే. ఓసి నా మతిమండా! కళ్ళెదురుగా పెట్టుకుని ఊరంతా వెతికాను.

తేజస్వి దగ్గరికి పరిగెత్తి, "అమ్మాయ్, ఆ ప్లేటులో ఇంకొక్క వరస నాకియ్యి. నేను చెప్పింది వెయ్యి" అన్నాను. ఏం వెయ్యాలో చెప్తే పిల్ల మొదట నవ్వింది. తర్వాత వేసింది.

ఆదికి ఫోన్ చేసి, "నీకు రుజువు కావాలిగా? పంతొమ్మిదిన బాపట్ల రా. వచ్చి నీ పసుపు గెలుస్తుందో లేదో నువ్వే చూసుకో" అన్నాను. పందెం అనేసరికి వస్తానంది. చిన్నప్పుడూ అంతే.

పంతొమ్మిదో తారీకు పదింటికి మరిదిగారితో రైలు దిగింది. కణాలు పెంచే గదిలోకి బయటివాళ్ళని రానివ్వరు కాబట్టి, తేజస్వి ప్లేటుని బయట బల్ల మీదికి తెచ్చి తెల్ల కాగితం మీద పెట్టింది. సార్ కూడా వచ్చి నిలబడ్డారు. ఆది కళ్ళజోడు సవరించుకుని వంగింది. నేను వేలితో చూపిస్తూ పోయాను. "మందేమీ వెయ్యనిది, ఊదా. వట్టి తొగరు, ఊదా. చూశావా, నీ కషాయం. తొగరులో పసుపు కలిపింది, చచ్చాయి. వట్టి పసుపు, చచ్చాయి."

"చెప్పానా!" అంది ఆది. దాని మొహం వెలిగిపోయింది. నెలల తర్వాత అలా చూశాను.

"ఆగు. ఈ ఐదో వరస ఏమైంది చూడు."

"ఇవీ చచ్చాయి. పసుపు కంటే బాగా చచ్చాయి. ఏంటిది?"

"బ్లీచింగ్ పౌడరు నీళ్ళు. మా వరండా కడిగే బకెట్లోవి. తాగుతావా? గ్లాసు తెమ్మంటావా?"

మరిదిగారు ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. ఆది నవ్వలేదు. లెక్కల టీచరు కదా, ఎక్కడ తప్పిందో దానికి అప్పుడే తెలిసింది. గుంటలో చంపినంత మాత్రాన మందు కాదని ఇక నేను చెప్పక్కర్లేకపోయింది. తర్వాత చివరి వరస మీద వేలు పెట్టింది.

"మరి ఇదేంటి? చెప్పలేదు?"

"నువ్వు చెప్పు. ఎర్రగా ఉంటుంది. దాన్ని చూస్తే నీకు వాంతి వస్తుంది."

ఆది వేలు తీసేసింది.

"తొమ్మిదేళ్ళ నుంచీ ప్రతి ప్లేటులో చివరి వరస దానిదే" అన్నాను. "వానకి తడిసినా, ఎండకి ఎండినా, నేను పసుపు రాసినా రాయకపోయినా ఆ వరస ఒక్కసారీ తప్పలేదు. మేం తెచ్చే ప్రతి వేరూ, ప్రతి ఆకూ దాని పక్కన నిలబడగలదా అనే మా పరీక్షంతా."

"నీ బ్లీచింగ్ నీళ్ళ లెక్కే దీనికీ వేస్తాను" అంది, గొంతు తగ్గించి. "గుంటలో చంపింది సరే. ఒంట్లో?"

"అదీ అడగాల్సింది! ఇంట గెలిచి రచ్చ గెలవమంటారే, మా వేర్లన్నీ ఇంకా ఇంట్లోనే తన్నుకుంటున్నాయి. ఇదొక్కటే ముందు రచ్చ గెలిచి వచ్చింది. మనుషుల ఒంట్లో గెలిచింది కాబట్టే మా ప్లేటులోకి తెచ్చి పెట్టారు. చెంచురామయ్య గారి భార్యకి పన్నెండేళ్ళు ఇచ్చిన ఆసుపత్రిలో కూడా ఇలాంటి మందులే ఎక్కించారు. నీకు కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. నా కష్టం కాదు కాబట్టి తేలిగ్గా చెప్తున్నాననుకో, తిట్టుకో. కానీ నాకు నా చెల్లెలు కావాలే. నా నోటితో ఆపాను, నా నోటితోనే అడుగుతున్నాను. రేపు వెళ్దాం."

ఆది స్కార్ఫు ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది. తేజస్వి వైపు తిరిగి, "ఈ ప్లేటు ఫొటో నా ఫోన్‌కి పంపమ్మా" అంది. నాతో మాత్రం, "రేపు పొద్దున్న ఎన్నింటికి రైలు? నువ్వు పక్కన కూర్చోకపోతే మాత్రం సగంలో లేచొచ్చేస్తా" అంది. నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. మరిదిగారు చంద్రశేఖరం సార్ చేతులు పట్టుకుని ఊపేశారు.

ఇరవయ్యో తారీకు పన్నెండింటికి గుంటూరులో ఆదిని మంచం మీద పడుకోబెట్టారు. నర్సమ్మ ట్రేలో ఎర్రమందు సిరంజి తెచ్చింది. ఆది కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ ఒక కన్ను తెరిచింది.

"అక్కా, నీ చేతులు చూపించు."

"ఎందుకే?"

"పసుపేమన్నా ఉందేమో చూడాలి. ఇందులో ఏదీ కలపకు."

రెండు చేతులూ చాపి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఒక చేతిని పట్టుకుని వదల్లేదు. నర్సమ్మతో, "ఎక్కించండమ్మా. ఇది మా అక్క వాళ్ళ లాబ్‌లో ఫస్టు ర్యాంకు" అంది. మందు గొట్టంలోంచి ఎర్రగా దిగడం మొదలైంది. ఆది వేళ్ళు నా చేతిలో బిగుసుకున్నాయి, నొప్పిపుట్టేంత గట్టిగా. తొమ్మిదేళ్ళుగా ఫ్రిజ్‌లోంచి తీసి, ఎవరికో అందించి, మళ్ళీ లోపల పెట్టిన మందు అది. ఏనాడూ దాని మొహం చూడలేదు. ఆ రోజు ఖాళీగా ఉన్న నా రెండో చేత్తో దానికి దణ్ణం పెట్టాను.